ఖాళీ బండి బరువు

బల్లార్షాల మే నెల.
వార్ధా నది ఇసుకల సన్నటి గీత.
కాగితం మిల్లు వాసన బట్టలల్లకు, అన్నంలకు,
ఆఖరికి నిద్రలకు గూడ వస్తది.
నేను బొగ్గు కాంటా మీద గుమస్తాను.
ముందు ఖాళీ బండి తూస్తం, తర్వాత నిండు బండి.
నడుమ తేడాయే బొగ్గు.
ఇరవై రెండేండ్ల సంది
ఈ ఒక్క తీసివేతతోనే నా ఇల్లు గడుస్తున్నది.

ఏలేటి రాజేశం టేషన్ రోడ్డుల
జిరాక్స్ మిషన్ వెనక కూసుంటడు,
ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి మాట్లాడుతడు.
మొదట్ల బోరు మోటర్ల రిపేరు చెప్పేటోడు,
నూటిరవై మంది చూసేటోళ్ళు.
ఇప్పుడు చరిత్ర చెప్తున్నడు. లక్షమంది.
"అరవై లక్షల యూదులు సచ్చిన్రంటే నమ్మిన్రా?
లెక్క జేసి చూడున్రి" అంటడు.
పొయ్యిలెన్ని, దినాలెన్ని,
తెల్లకాగితం మీద గుణకారం ఏస్తడు.
ఏలితోని ఫట్టున కొట్టి
పెద్ద సున్నా చుడుతడు.
కింద దండాలు, నిప్పుల బొమ్మలు.

లెక్కనట!
చంపినోళ్ళే రాసి పెట్టుకున్నరు గద తమ్మీ.
ఏ టేషన్ల ఎందరు ఎక్కిన్రో,
పోను చార్జీ ఉన్నది,
రాను చార్జీ లేదు.
ఆడోళ్ళ జడలు కోసి, మూటలు గట్టి, తూచి,
కిలోలల్ల రసీదు రాసిన్రు.
ఆ రసీదు రాసినోడు నా అసుంటి గుమస్తానే.
సంగతి చదివిన రాత్రి
నా చేతిరాత నాకే పరాయిగ కనబడ్డది.

నాలుగో నంబరు బాయి కూలినప్పుడు
రాజేశం ఇంకా పుట్టలే.
బాయిల పదకొండు మంది. రిజిస్టర్ల ఏడుగురు.
కడమ నలుగురు బదిలీ కూలీలు,
హాజరు పట్టీల ఆ పేజీయే లేదన్నరు.
అండ్ల ఒకడు ఏలేటి దుబ్బయ్య, వీని తాత.
"ఆ దినం డ్యూటీకి రాలే, ఎటో లేచిపోయిండు"
అని సాహెబు రాసిండు.
దుబ్బయ్య పెండ్లాం
గాజులు తియ్యాల్నో వద్దో తెల్వక
పద్నాలుగేండ్లు ఆఫీసు మెట్ల మీద కూసున్నది,
చేతుల నిండ పచ్చగాజులతోని.
ఆమె ఒళ్ళెనే పెరిగిండు వీడు.

రైల్వే క్వార్టర్లల్ల మిల్కాబాయి తళ్కర్ ఉంటది.
కొంకణంల నూనె గానుగలు తిప్పినోళ్ళ బిడ్డ,
శనివారం గానుగ ఆపేటోళ్ళట.
గార్డు ఎలిజా సాబు పోయినంక ఒక్కతే.
రైల్వే బడిల ఎక్కాలు ఆమె దగ్గర్నే నేర్చుకున్నం,
ముందు నేను, ఎన్కసిరి రాజేశం.
అటుకులల్ల కొబ్బరి, చక్కెర కలిపి
మలీదా అని పంచుతది.
సద్దులనాడు మనం రొట్టె, బెల్లం పిసికితే అదీ మలిదే.
"ఎవలది ఎవలు దొంగిలించిన్రో" అని నవ్వేది.

మొన్న కాంటా దాంక నడిచొచ్చింది,
ఎండల, నల్ల గొడుగు పట్టుకొని.
ఎవడో పోరడు
ఆమె గేటు మీద సుద్దముక్కతోని సున్నా గీసి పోయిండట.
ఫోను నా ముంగట పెట్టి అడిగింది:
"ఏం చెప్తుండు మన రాజేశం?
నాకు బజారు తెలుగే వస్తది.
మా ముచ్చటేనా?"

ఎనక పదహారు లారీలు
హారన్లు కొడుతున్నయి.
ఆమె మొఖం దిక్కు చూడలే నేను.
"ఏం లేదు బాయీ.
బోరు మోటర్ల ముచ్చట."

కొద్దిసేపు అట్లనే నిలబడ్డది.
కండ్లద్దాలు తుడుచుకొని
ఫోన్ల కాగితం మళ్ళ చూసింది.
"గుణకారం తప్పు చేసిండు.
చేతిల ఉంచుకున్న అంకె కలుపలే.
చిన్నప్పుడూ అంతే" అన్నది.
గొడుగు ఇప్పుకొని,
పట్టాలు దాటి పోయింది.

తర్వాతి లారీ కాంటా ఎక్కింది. ఖాళీది.
అంకె రాసే కాడ పెన్ను పట్టుకొని
ఎంతసేపు కూసున్ననో.
డ్రైవర్ దిగొచ్చి కిటికీ కొట్టిండు:
"ఏమైంది సాబ్, కాంటా కరాబైందా?"

కాంటా మంచిగనే ఉన్నదన్న.