నత్తతో యుద్ధం

తగరాన్ని వంచితే ఏడుస్తుంది.
చెవి దగ్గర పెట్టుకుని విను,
ఎండుటాకు మీద ఎవరో అడుగేసినట్టు.
కార్న్‌వాల్ గనుల్లో పనిచేసే డెన్జిల్ ట్రెగిడ్గా
ఈ మాట చెప్పినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
ఇప్పుడతనికి ఎనభై ఒకటి.
నా కొట్టు గుమ్మంలో తడి టోపీ విదిలిస్తున్నాడు.

"లవ్‌డే, నాకో బీరు చెంబు చెయ్యి.
చర్చిలో మూడో బల్ల అంచున ఉన్నాడే,
వాడు కావాలి దాని మీద."

వాడంటే,
నత్తని చూసి కత్తి పారేసి పరిగెత్తే వీరుడు.
ఆరొందల ఏళ్ళ కింద ఏ వడ్రంగి
లోలోపల నవ్వుకుంటూ చెక్కాడో!
ప్రసంగం సాగినంతసేపూ పిల్లలు తడిమీ తడిమీ
వాడికిప్పుడు ముక్కు లేదు, కళ్ళు లేవు.
నత్త మాత్రం, కొమ్ములతో సహా, చెక్కుచెదరలేదు.

తొంభై రెండు పాళ్ళు తగరం, చిటికెడు రాగి,
కాటుకరాయి కడుపులోంచి తీసిన ఆంటిమొనీ.
సీసం వెయ్యను.
మా తాత చెంబుల నిండా అదే,
అవిప్పుడు కిటికీలో పూలకి.
మూసలో లోహం పాకంలా కదిలాక
కాగితం ముక్క ముంచి చూశాను.
గోధుమరంగు తిరిగింది, నల్లబడలేదు.
పోశాను.

నత్త ఒక్క రోజులో వచ్చేసింది.
మెలి తిరిగిన గుల్ల, దాని వెనక జిగట దారి కూడా.
వీరుడే వారం రోజులు తిప్పలు పెట్టాడు.
మొదట మొహం కోపంగా వచ్చింది. అరగదీశాను.
తర్వాత మా నాన్నలా వచ్చింది.
అదీ అరగదీశాను.

డెన్జిల్ వచ్చాడు.
కళ్ళలో పొర, చేతికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ సముద్రం అడుగున
ఏ సొరంగంలో ఉన్నాయో వాటికే తెలియాలి.
ఆ మూడింటికీ సరిపోయేలా వంచిన పిడిని
పాత స్నేహితుడి మోచెయ్యిలా పట్టుకున్నాడు.
బొటనవేలు గుల్ల ఎక్కింది, కొమ్ములు దాటింది,
వీరుడి దగ్గర ఆగింది.

"మొహం ఏదీ?"

"రాలేదు."

చాలాసేపు అక్కడే రుద్దుతూ ఉండిపోయాడు.
"నీళ్ళు ఉరికొచ్చిన రోజు
నిచ్చెన దగ్గరికి ముందు నేనే చేరాను.
నా వెనక ఒక కుర్రాడు..."
బయట వాన పెద్దదైంది.
ఆ కుర్రాడి పేరు చెబుతాడేమోనని చూశాను.
చెప్పలేదు.

డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు, నాణేలతో సహా.
"డాక్టరు బీరు మాన్పించాడు. టీ తాగుతా ఇందులో."

"వేడికి చెయ్యి కాలుతుంది, డెన్జిల్."

టోపీ పెట్టుకున్నాడు.
"కాలనియ్యి."