వెనక గేటు

నా పని షట్టర్లకు గ్రీజు పూసేది.
ఏ అంగడి బతికుందో, ఏది కొనఊపిరితో ఉండాదో
చెయ్యి పెడితే తెలిసిపోతాది నాకు.
రోజూ ఎత్తేది గొంతు సవరించుకుని లేస్తాది.
వారానికొకసారి ఎత్తేది దగ్గుతాది.
ఏడాదిగా ఎత్తంది మాత్రం
కీచుమని సగంలో పట్టుకుంటాది,
పంచె కొస మేకుకు తగులుకున్నట్టు.

నీవా కాంప్లెక్సు, చిత్తూరు.
మూడంతస్తులు, ఎనభై నాలుగు అంగళ్ళు.
ఏటి పేరు పెట్టినందుకు
ఏటి మాదిరే ఎండిపోయిందని ఉమాపతి ఎకసెక్కం.
క్యాసెట్లు అమ్మి, సీడీలు అమ్మి, సిమ్ములు అమ్మి
కడాకు ఊరికే ఫ్యాను కింద కూర్చున్నాడు వాడు.

ఎస్కలేటరు పెట్టిన దినం గుర్తుండాది.
యాదమరి నుంచి, గుడిపాల నుంచి వచ్చి
చెప్పులు చేత పట్టుకోని ఎక్కినారు జనం,
కొండ మెట్లెక్కినట్టు.
నాలుగేళ్ళకు ఆగిపోయింది.
ఎలుకలు పిల్లలు పెట్టినాయి దాని కింద.
బైపాసులో అద్దాల మాలు లేచింది,
అందరి ఫోనులో ఇంగొకటి లేచింది,
మా వరండాలో ఒక్క ట్యూబులైటు
కన్ను కొడతా మిగిలింది.

పోయిన ఆషాఢంలో మున్సిపాలిటీ వాళ్ళు
చెన్నై నుంచి ఒకాయన్ని పిలిపించినారు.
గోడ మీద బొమ్మలేసి చూపించినాడు:
గాజు పైకప్పు, నీళ్ళు చిమ్మే పళ్ళెం,
టోపీలు పెట్టుకోని తిరిగే తెల్లటి మనుషులు.
ఒక్కరి చేతిలోనూ గుడ్డసంచీ లేదు.
పూలు మూరేసే చెయ్యెత్తి ధనభాగ్యం అడిగింది:
"అయ్యా, వెనక గేటు ఎప్పుడు తెరుస్తారు?"
ఆయన కాగితాలు తిప్పినాడు, మళ్ళీ తిప్పినాడు.
ఆయన బొమ్మలో వెనక గేటే లేదు.

అద్దె తగాదాలో పదమూడేళ్ళ కింద పడిన తాళం అది.
వేసినాయన రిటైరైనాడు.
తాళంచెవి ఏ ఫైల్లో నిద్రపోతా ఉందో.
అవతల కూరగాయల వీధి, ఆటోలు, అరుపులు.
ఇవతల హైరోడ్డు, బస్సు దిగే జనం.
మధ్యలో మేము,
కుట్టేసిన జేబు మాదిరి.

ఒక బేస్తవారం నన్ను పిలిచినారు.
ఆర్డరు కాగితం లేదు, కమిషనరమ్మ తల ఊపింది, అంతే.
కిరసనాయిలు పోసి అర్ధగంట కాచుకున్నా.
సుత్తితో రెండు దెబ్బలు.
చింతపండు రంగులో తుప్పు రాలింది.
ముందు లోపలికొచ్చింది మనిషి కాదు, గాలి,
పచ్చి కొత్తిమీర వాసనతో.
తర్వాత ఒక కుక్క.
తర్వాత నెత్తిన కాకరగంపతో ఒకామె,
ఎవరినీ అడక్కుండా
మా మధ్యలో నుంచే బస్సుకు పోయింది.
రిబ్బను కొయ్యలా. ఫొటో తియ్యలా.

వచ్చేవాళ్ళంతా అడ్డదారి మనుషులే,
కొనేదానికి వచ్చినోళ్ళు కారు.
అయినా నడిచే కాలు ఒక్కోసారి ఆగతాది,
చెప్పు తెగితే, చార్జింగు అయిపోతే,
జాకెట్టు హుక్కు ఊడితే.
తోపుడు బండ్లను తరిమిన వాచ్‌మనే
సుద్దముక్కతో గీత గీసి చోటు చూపిస్తా ఉండాడు.
ఆగిన ఎస్కలేటరు మీద మెట్టుకొకరు
డీఎస్సీకి చదివే పిల్లలు,
శనక్కాయలు వలుస్తా బిట్లు అప్పజెప్పుకుంటారు.
దాన్ని బాగు చెయ్యొద్దని అర్జీ ఇచ్చినారంట.

అన్నీ తెరిచినాయని అబద్ధం ఎందుకు?
ఎనభై నాలుగులో ముప్పై ఒకటి.
అద్దె పెంచుతారని అప్పుడే గుసగుస.
పెంచితే ధనభాగ్యం బుట్ట మళ్ళీ రోడ్డు మీదికే.

ముప్పై ఏడో నంబరు చెంగల్రాయులుది, గడియారాల అంగడి.
గేటు తెరవమని ఏటా అర్జీ రాసింది ఆయనే,
కార్బను కాగితం పెట్టి.
మాఘంలోనే పోయినాడు.

పోయిన వారం ఆ షట్టరుకు గ్రీజు పూసినా.
ఎవరూ చెప్పలా, కూలీ లేదు.
ఎత్తితే గోడ నిండా గడియారాలు,
ఒక్కోటి ఒక్కో గంట దగ్గర నిలబడి.
వెనక గేటు గాలి తగిలి
ఒకదాని బిళ్ళ కొంచెం ఊగింది.
ఊగిందని నేననుకున్నానేమో.

అడ్డదారిన పోయే పిలకాయ తొంగి చూసి
"టైమెంత తాతా?" అన్నాడు.
ఏ గడియారం చూసి చెప్పేది?
"బస్సుకు ఇంగా ఉండాదిలే, పో" అన్నా.