మెయిన్ స్విచ్ కట్టేశాక

సీసా మీద అయిదు చుక్కలని ఉంది.
చెయ్యి వణికింది, ఏడు పడ్డాయనుకుంటా.
ఎడమవైపుకి ఒరిగి సోఫాలో పడుకున్నాను.
కుడిచెవిలో ఎండుటాకుల మీద ఎలుక నడిచినట్టు
చిటపట, బుసబుస.
రంపపు మిల్లు పొట్టు కలిసి గట్టిపడ్డ
రెండు చలికాలాల గులిమి
గోరువెచ్చగా మెడ మీదికి జారింది.
హమ్మయ్య.
గోడగడియారం కొత్త చిల్లర లెక్కపెడుతున్నట్టు వినిపించింది కాసేపు.

తర్వాత అది మొదలైంది.

సన్నగా,
ఎవరింట్లోనో కెటిల్ కాగి
దించే మనిషి లేనట్టు.

ఫ్రిజ్ అనుకున్నాను. ప్లగ్గు పీకాను.
రేడియో పీకాను, అది మోగకపోయినా.
వంటింటి ట్యూబ్‌లైటు, వరండా హీటరు,
మనవరాలు మర్చిపోయిన బొమ్మ కుక్కలోని బ్యాటరీలు.
ఆఖరికి సరస్సు అనుకున్నాను.
జనవరిలో చలి ముదిరితే పియెలినెన్ మీద మంచు మూలుగుతుంది,
ఆ గట్టు నించి ఈ గట్టుకి తీగ లాగి వదిలినట్టు.
బూట్లు తొడుక్కుని రేవుదాకా వెళ్లాను.
మైనస్ ఇరవై ఆరు.
చెవి ఒగ్గి నించున్నాను.
సరస్సు నోరు మెదపలేదు.
నాతోపాటు నడిచొచ్చింది ఆ కెటిల్ ఒక్కటే.

మా లియెక్సాలో మాటలు పొదుపు.
మా నాన్న పోయేముందు ఆఖరిగా అన్నది,
‘తలుపు వెయ్యి, చలి’.
ఆయన నాకిచ్చింది ఓ పడవా, ఈ ఇల్లూ,
ఇంటి చుట్టూ బోలెడంత నిశ్శబ్దం.
పడవ నేనే అమ్మేశాను.
రెండోది ఇవాళ సీసాడు మందుకి పోయింది.

తిరిగొచ్చి మెయిన్ స్విచ్ కట్టేశాను.
ఇల్లంతా ఆరింది.
అది ఆరలేదు.
చీకట్లో ఇంకాస్త తేటపడింది కూడా.

తలుపు మీద రెండు దెబ్బలు.
టార్చి పట్టుకుని హెల్వి.
పంతొమ్మిదేళ్లుగా పక్కిల్లు, లోపలికి వచ్చింది రెండుసార్లు,
రెండోసారి పిల్లిని వెతుక్కుంటూ.
‘మా ఇంట్లో కరెంటుంది, ఓస్మో. నీ ఇంట్లో లేదు.
ఉన్నావో పోయావో చూద్దామని.’

చెప్పాను.
సీసా అందుకుని టార్చి కింద అటూ ఇటూ తిప్పి చదివింది.
‘ఇంక ఒక్క చుక్క వెయ్యకు. అగ్గిపుల్లా పెట్టకు.
సోమవారం పొద్దున్నే నర్సుకి ఫోన్ చెయ్,
లోపలికి దీపం పెట్టి చూస్తుంది.’
సీసా కోటు జేబులో వేసుకుంది,
నా మీద నమ్మకం లేక.
తర్వాత అంది:
‘నాది ఎలా ఉంటుందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.’

నూలు మిల్లులో ఇరవై రెండేళ్లట,
మగ్గాలు ఆగినా చెవి ఆగలేదట.
కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, వినిపించింది:
తలుపు సందులో ఇరుక్కున్న తుమ్మెద.
నాదీ వినిపిద్దామని పళ్ల సందుల్లోంచి గాలి ఊదాను.
ఇంకొంచెం పైకి. కాదు, అంత పైకి కాదు. ఆ, అదీ.
చీకటి వంటింట్లో, కోట్లు విప్పకుండా,
అరవై దాటిన ఇద్దరం,
ఆవిడ ఝుమ్మని, నేను స్స్‌మని.
అవతలి వీధిలో ఎవరిదో కుక్క మొరిగింది.
హెల్వికి నవ్వు ఆగలేదు.

‘అలవాటవుతుందా?’
‘అవదు. మర్చిపోతాం.
నేను మర్చిపోయే ఉన్నాను, నువ్వు అడిగేదాకా.
ఇప్పుడు చూడు, నీ పుణ్యమా అని
మళ్లీ చెవినిల్లు కట్టుకుని కూర్చుంది.’

స్విచ్ వేశాను.
ఫ్రిజ్ ఒళ్లు విరుచుకుని గురక మొదలెట్టింది.
ఆ గురక వెనక నాది కాస్త సన్నగిల్లింది,
అబద్ధమైనా కావచ్చు.
‘నీళ్లు పెట్టు, కాఫీ తాగి పోతా,’ అంది.
పెట్టాను.
నర్సు ఊళ్లో ఉంటుందో లేదో అనుకున్నాం,
పిల్లి పోయి మూడేళ్లయిందని చెప్పింది.

ఈల వినపడింది.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం,
ఎవరిదో తేల్చుకోలేక.
ఆవిరికి కిటికీ మసకబారాక
నేనే లేచాను.