పందొమ్మిది సీజన్లు

ఆదివారం తరగతి వదిలాక వచ్చాడు చెంగల్రాయులు,
సంచిలో ఎంబీఏ నోట్సు, ఖాళీ టిఫిన్ డబ్బా.
తిరుపతి, రేణిగుంట రోడ్డు, హోటల్ మూడో అంతస్తు.
ఏసీ నీళ్లు బకెట్లోకి కారుతున్న గది.
నా ముందు తొమ్మిది బయోడేటాలు.
ఇతనిది ఒక్క పేజీ.

బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో పందొమ్మిది సీజన్లు.
సీజన్లనే రాశాడు, ఏళ్లని కాదు.

"మీ బలం?" అన్నాను.
బొటనవేలు చూపించాడు.
తోతాపురి తొడిమ దగ్గర ఇట్ల నొక్కితే
లారీ ఎన్ని గంటలు ఎండలో నిలబడిందో తెలుస్తుందట.
నా ఫారంలో దానికి గడి లేదు.
"నాణ్యతా నిర్వహణ" అని రాసుకున్నాను,
రాస్తుంటే నాకే సిగ్గేసింది.

"నలభై ఆరేళ్లకి మళ్లీ చదువెందుకు?"

"రేటు పడిపోయిన యేడు
రైతులు కాయల్ని రోడ్డు మీద పారబోసినారు సార్.
గేటు మూసింది నేనే.
మూయమని వచ్చిన కాగితంలో
ఒక్క లెక్కా నాకు అర్థం కాలా.
అది చదివేదానికొచ్చినా."

జీతం మాట్లాడుకున్నాం. బేరమాడలేదు.
మీరేమైనా అడుగుతారా అన్నాను, అలవాటుగా,
ఫైలు మూస్తూ.

"ఈ కుర్చీలో ముందుండినాయన
యాడికి పోయినాడు సార్?"

పరంధామయ్య. యాభై రెండు.
పోయిన మార్చిలో ఆయన ఉత్తరం టైపు చేసింది నేనే.
ఇరవై ఆరేళ్ల అనుభవానికి
కృతజ్ఞతలు, అని మొదలవుతుంది.

నీళ్లు తాగాను.
బకెట్లో ఒక చుక్క, ఇంకో చుక్క.
చెంగల్రాయులు తొందరపెట్టలేదు.
కాయని చూసినట్టు చూస్తున్నాడు నన్ను,
తొడిమ దగ్గర.