అగ్గిపెట్టెలో పూస

ఒహాకునే బడి వెనక, గాలికి అరిచే రేకు గది.
పిల్లలు దానికి పెట్టుకున్న పేరు హత్యల కొట్టు.
నేను అందులో పళ్ళ నర్సుని. ఇరవై ఒకటో ఏడు.

కుట్టుమిషను తొక్కినట్టు తొక్కితేనే
డ్రిల్లు తిరిగేది ఆ రోజుల్లో.
నా పిక్కలు అలిసిపోతే
కుర్చీలో పిల్లకి నొప్పి ఇంకాస్త నెమ్మదిగా,
ఇంకాస్త ఎక్కువసేపు.

పిప్పి తోడేసిన గుంటలోకి
వెండిపొడి, పాదరసం.
చిన్న కల్వంలో నూరి, గుడ్డముక్కలో మూటగట్టి
బొటనవేలితో పిండేదాన్ని,
పెరుగు నీళ్ళు పిండినట్టు.
చేతికి తొడుగు లేదు.
ఉన్న ఒక్క కిటికీ
రుయాపెహు మంచుగాలికి జడిసి మూసే ఉండేది.
జారిన చుక్కలు చీపురుని వెక్కిరించి
నేలచెక్కల సందుల్లోకి దూరేవి.

ఏడవని వాళ్ళకి బహుమానం:
దూదిచుట్టతో చేసిన సీతాకోకచిలుక,
లేదంటే అగ్గిపెట్టెలో ఒక పాదరసం పూస.
అందరూ పూసే అడిగేవారు.

పెటెరా ఏడ్చి కూడా అడిగాడు.
కారెట్ చేలో తవ్వే మనిషి కొడుకు,
మోకాళ్ళకి ఎప్పుడూ మట్టే,
ఒక్కచోట నిలిచేవాడు కాదు.
పాదరసం లాంటి పిల్లాడు అని రాయాలి ఇక్కడ.
చెయ్యి రావడం లేదు.

ఒకే చలికాలంలో వాడికి ఐదు పళ్ళు నింపాను.
నాలుగు పుచ్చినవే, ఒట్టు.
ఐదోదాని మీద ఒక మచ్చ.
మచ్చే.
నెలాఖరుకి వెల్లింగ్టన్‌కి కాగితం పంపాలి,
ఎన్ని నోళ్ళు, ఎన్ని నింపుళ్ళు.
నాకు ఒకటి తక్కువైంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి
మనుషులొచ్చి గది నేల పెకలించారు.
చెక్కల కింద దుమ్ములో
ముడుచుకుని పడుకున్న వెలుగు, పావుగ్లాసుడు.
వాళ్ళ చేతులకి తొడుగులున్నాయి, ముక్కులకి గుడ్డలున్నాయి.
నేను గుమ్మంలో నిలబడి
ఉత్త చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

ఇప్పుడు టీ కప్పు సాసర్‌లో టకటకలాడుతుంది.
వయసు, అంది డాక్టరమ్మ. కావచ్చు.
మనవరాలు ఫోనులో చదివి వినిపిస్తుంది:
పెద్ద పెద్ద పరీక్షలే చేశారట,
నింపిన పిల్లల బుర్రలకి ఏ లోటూ కనిపించలేదట.
అయినా కొన్ని దేశాల్లో
పిల్లలకి వాడడం మానేశారట.
ఏది నిజం అంటే, రెండూనట.
నేల కింది వెలుగు గురించి
అందులో ఎవరూ ఏమీ రాయలేదు.

మొన్న చేపల వేపుడు కొట్టు దగ్గర వరసలో
వెనక నుంచి, "నర్స్ నైరీ!"
లారీలు తోలి తోలి భుజం ఒరిగిపోయిన ముసలాడు.
అడక్కుండానే నోరు తెరిచాడు.
ఐదూ ఉన్నాయి, నల్లగా, గట్టిగా, కుదురుగా.
"మా బుడ్డదానికి తెల్లవి పెట్టారు,
రెండేళ్ళకే ఊడొచ్చాయి," అని నవ్వాడు.

పూస ఏం చేశావు రా?

"పెన్నీ మీద రుద్దాను.
వెండిలా మెరిసింది.
షిల్లింగని కొట్టువాడిని నమ్మించి
చెల్లికీ నాకూ మిఠాయిలు కొన్నా.
వేళ్ళు నాక్కుంటూ తిన్నాం."

పాత అలవాటు, గడ్డం పట్టుకుని
వెలుగు వైపు తిప్పాను.
వణికింది నా చెయ్యో, అతని దవడో.
ఆ చివరిది ఉంది చూడు, అని
ఐదోదాని సంగతి చెప్పబోయాను.

అప్పటికే నోరు మూసేశాడు.