మినహాయింపు

నాకు కావలసింది ఒక్క తేదీ.
హార్లన్ వీడ్ గాదె కప్పు ఎగిరిపోయిన రోజు
మాకు ఫోనెప్పుడొచ్చిందో తేలాలి, క్లెయిము తెగటం లేదు.
అడిగితే లవోన్ తన పుస్తకం తెచ్చి
నా బల్లమీద పెట్టి వెళ్ళింది.
ఆకుపచ్చ అట్ట, తీగ చుట్టిన అంచు,
విత్తనాల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చే రకం.

జూన్ పదకొండు. వడగళ్ళు.
7.40 వీడ్, గాదె కప్పు.
7.52 లూథరన్ చర్చి, రంగుటద్దాలు.
8.15 మెకిలిప్, మూడు ట్రక్కులు. ఏడుస్తున్నాడు.
9.05 మళ్ళీ మెకిలిప్. కాస్త నయం.
కరెంటు లేదు. టార్చి.
12.35 ఇంటికి.

తేదీ దొరికింది. పుస్తకం మూసెయ్యొచ్చు.
ఆ ఆఖరి లైను మీదనుంచి వేలు కదల్లేదు.
మా తలుపు మీద తాత రాయించిన బంగారు అక్షరాలు,
హ్లాడ్కీ ఇన్సూరెన్సు, ఎనిమిది నుంచి అయిదు.
నెబ్రాస్కాలో వడగళ్ళకి చదువు రాదు.

పేజీ తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను.
6.50 ఇంటికి. 8.20 ఇంటికి.
మార్చిలో కొంగలు దిగిన వారం, చూడ్డానికొచ్చినవాళ్ళు
నది రోడ్డు మీద కార్లు గుద్దుకున్న వారం,
రోజూ ఏడు దాటాకే ఇంటికి.

ఆమెది స్థిరజీతం.
స్థిరజీతానికి గంటలుండవని నాన్న చెప్పాడు,
నాన్నకి తాత చెప్పి ఉంటాడు.
చట్టాన్నెవరూ అడగలేదు.

లాయరు ఓకర్లండ్ అడిగింది ఫోన్లో:
"ఆమె ఏం చేస్తుంది?"
"అన్నీ" అన్నాను, గొప్పగా.
"సొంతంగా ఏం నిర్ణయిస్తుంది?"
ఆలోచించాను.
కాఫీ ఏ రకం కొనాలో.
"అయితే ఆమె మినహాయింపులోకి రాదు, ఓరిన్.
నలభై దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు.
రెండేళ్ళు వెనక్కి. తెలిసి చేసి ఉంటే మూడు."
కాసేపాగి, "తెలుసా?" అంది.

వంటగదిలో మైక్రోవేవ్ వెనక
కార్మికుల హక్కుల పోస్టరొకటుంది.
ప్రతి జనవరికీ కొత్తది అంటించేది నేనే.
టేపు చింపేది నా పళ్ళతోనే.
సూపుల ఆవిరికి ఉబ్బి, గంటల సంగతి రాసినచోట
ముడతపడింది.

బీరువా తీసి మా సొంత పాలసీ వెతికాను.
ఉద్యోగి కేసేస్తే యజమానిని కాచేది;
పళ్ళ డాక్టరుకి అమ్మాను, మోటెలుకి అమ్మాను,
ధాన్యం గోదాములు రెండింటికీ అమ్మాను.
పద్నాలుగో పేజీ, మినహాయింపులు, ఆరో అంశం:
చెల్లించని జీతాలు, ఓవర్‌టైము.
ఈ పేజీ ఎంతమందికి చదివి వినిపించానో!
గొంతు తగ్గించి, కళ్ళజోడు తీసి పట్టుకుని,
"మీరు సంతకం పెట్టారు కదండీ" అని.
ఇప్పుడు నాకు నేనే చదువుకున్నాను.
కళ్ళజోడు తియ్యాలనిపించలేదు.

గురువారం రాత్రంతా లెక్క వేశాను.
మొత్తం చూస్తే నవ్వొచ్చింది. నేను కొత్తగా కొందామనుకున్న
పడవ ఖరీదుకి కొంచెం అటూ ఇటూ.

మర్నాడు చెక్కూ పుస్తకమూ పట్టుకుని
ఆమె దగ్గరికెళ్ళాను. ఏదో చెప్పాలని తయారై వెళ్ళి
"ఇది నీది" అని మాత్రం అన్నాను.
లవోన్ చెక్కు చూసింది. వెనక్కి తిప్పి చూసింది.
అంకెల దగ్గర పెదవులు కదిలాయి.
"టైము ఎందుకు రాసుకున్నావు?"
"డ్వేన్ నమ్మడు కదా, ఆఫీసులోనే ఉన్నానంటే."
అని, శాండ్‌విచ్ మీది కాగితం విప్పుతూ,
"మధ్యాహ్నాలు రాయలేదు మరి" అంది.

నిందేం లేదు ఆ గొంతులో.
క్లెయిము ఫారంలో ఖాళీ వదిలేసిన గడి చూపించినట్టు,
అంతే.

పన్నెండుంబావు. ఫోను మోగింది.
అలవాటుగా ఆమె చెయ్యి సాగింది.
నేను ఎత్తాను.
ఎవరో ముసలావిడ, లవోనే కావాలంది,
నాతో చెప్పనంది.
"లవోన్ భోంచేస్తోందమ్మా."
పందొమ్మిదేళ్ళలో ఈ గదిలో
ఆ వాక్యం ఎవరైనా అన్నట్టు గుర్తులేదు.
అవతల ఆవిడ నమ్మలేదు.
"ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.