ఫైలకాలో హారిస్

సాల్మియా నుంచి పడవలో గంట.
దిగంగానే కనపడేది బ్యాంకు,
గోడ నిండా తుపాకి గుండ్ల చిల్లులు.
తొంభైలో ఖాళీ అయిన ఊరు.
ఇప్పుడు ఒంటెలున్నాయి,
తవ్వకాల గుంటలున్నాయి,
గుంటలకు నేనున్నాను.

సివిల్ ఐడీలో నా పేరు బయపురెడ్డి.
ఆ పేరుతో పిలిచేవాడు లేడు.
యా హారిస్! అంటాడు ముదీర్.
ఓ కాపలావాడా, అని.
ఏడేండ్లకు అదే పేరైంది,
నిద్రలో పిలిచినా పలుకుతా.

మట్టిని బ్రష్షుతో తుడిచే డాక్టరమ్మ
టీ తాగుతా ఒకరోజు చెప్పింది:
ఈ దీవికి గ్రీకులు ఇకారోస్ అని పెట్టినారంట,
వాళ్ల సముద్రంలో ఆ పేరు దీవి ఇంకొకటుందంట.
నాకు నవ్వొచ్చింది.
ఫర్వానియాలో మా గదికి మేం రాయచోటి అని పెట్టుకోలేదా,
ఆరు మంచాలకు, ఒక కుక్కరుకు?
ఇల్లు గుర్తొచ్చినోడు ఎవడైనా చేసే పనే,
సైన్యంతో వచ్చినా
వీసా కొనుక్కొని వచ్చినా.

ఆ పేరులో మైనం రెక్కల పిల్లోడున్నాడంట.
నాయన చెప్పినా వినక ఎండకు ఎదురెగిరి
నీళ్లలో పడినాడంట.
ఖైతాన్‌లో సారవ మీద నుంచి జారిన నరసింహులు...
గ్లాసు కింద పెట్టేసినా.

మరి ఫైలకా అంటే?
అదీ గ్రీకేనేమో అంది. ఖాయం కాదంది.
ఒప్పుకోనోళ్లూ ఉన్నారంది.
ఫిలాకియోన్.
కావలి కాసే చోటు.

మంచె కదమ్మా!
తెలుగులోనే అరిచినా.
చెనిక్కాయ చేలో మా నాయన మంచె,
నాలుగు గుంజలు, పైన బోద,
రాత్రంతా డాల్డా డబ్బా కొట్టి పందుల్ని తరిమేవాడు.
తెల్లారి చూస్తే సగం చేను పందులదే.

మీ ఊరేది అనడిగింది.
గాలివీడు.
అర్థం?
నా జన్మలో ఎవరూ అడగని మాట.
వీడంటే ఊరు, గాలి ఊరు అన్నా.
విరిచి పలికితే ఇంకో అర్థం ఉంది:
గాలి, వీడు.
అది చెప్పలేదు.

రాత్రి.
గుంటల మీద టార్పాలిన్ పటపట కొట్టుకుంటోంది.
రెండువేల ఏండ్ల కిందట
ఈ రాళ్ల మధ్య ఒకడు నిలబడే ఉంటాడు,
నీళ్ల వైపు చూస్తా, ఆవులిస్తా,
జీతం ఎప్పుడిస్తారో లెక్కేసుకుంటా.
ఆ రాతిపలక మీద వాడి పేరుందా అని అడగాల్సింది.
రాజులవే ఉంటాయిలే.

ఫోను మోగింది.
యా హారిస్, కుల్లు తమామ్?
తమామ్ అన్నా.
అడిగింది నన్నో,
దీవినో.